ఒజ్జలు లేని చదువు

కుటుంబంలో ప్రేమాభిమానాలు అవసరమా అని ఎవరైనా అడిగితే, గురజాడ రాసిన పూర్ణమ్మ గుర్తుకొస్తుంది. ఆమె పుట్టింట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. పూజారి ఇంట పుట్టిన పిల్ల, అన్నదమ్ముల మధ్య అల్లారుముద్దుగా పెరిగింది. అలాంటి ఇల్లే ఆమెను ఒక ముసలివాడికి ముడిపెట్టింది. తల్లిదండ్రులు ‘కాసుకు లోనై’ ఆ పని చేశారని కవి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అత్తారింటికి వెళ్లే ముందు పూర్ణమ్మ ఎవరినీ తిట్టదు. ‘నలుగురు కూచుని నవ్వే వేళల నా పేరొకతరి తలవండి’ అని అన్నదమ్ముల్ని అడుగుతుంది. వాళ్లకి పుట్టబోయే ఆడపిల్లల్లో ఒకరికి తన పేరు పెట్టమంటుంది. తరవాత కొలనుకి వెళ్తుంది, తిరిగి రాదు.

బడిలో దీన్ని బాల్యవివాహాల మీద పద్యంగా చెప్పి వదిలేస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ, అసలు గుచ్చుకునేది ఇంకొకటుంది. ఆ ఇంట్లో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఉంది, దండిగా ఉంది. కానీ పెళ్లి నిశ్చయమైన పూట అది ఎవరి నోటా మాటగా బయటికి రాలేదు. తల్లి వద్దనలేదు. అన్నలు అడ్డుపడలేదు. పిల్లని ‘నీకిష్టమేనా?’ అని అడగాలన్న ఊహ కూడా ఎవరికీ తట్టలేదు. అంత ముద్దు చేసిన ఇంట్లో ఆ ఒక్క మాటకి చోటు లేకపోయింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదని ‘కన్యాశుల్కం’ ముందుమాట చూస్తే తెలుస్తుంది. విశాఖ జిల్లా మైదాన ప్రాంతంలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల లెక్క అప్పట్లో విజయనగరం మహారాజు తీయించారు. మొత్తం 1,034. వాటిలో పెళ్లికూతురికి అయిదేళ్లు ఉన్నవి 99, నాలుగేళ్లవి 44, మూడేళ్లవి 36, రెండేళ్లవి 6, ఏడాది బిడ్డవి 3. ఏడాది బిడ్డకి 350 నుంచి 400 రూపాయల దాకా ధర పలికింది. ఈ పిల్లలందరికీ తల్లులు జోలపాడే ఉంటారు, తండ్రులు భుజానెక్కించుకుని తీర్థాలకి తిప్పే ఉంటారు. అవే ఇళ్లు, అవే చేతులు.

కాబట్టి కుటుంబంలో ప్రేమాభిమానాలు అవసరమా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం తేలిక, కానీ దానివల్ల ఒరిగేది లేదు. ఉన్న ప్రేమ పనికొచ్చే రూపం ఎలా తెచ్చుకుంటుంది అన్నదే అసలు చిక్కు. గురజాడ దీని గురించి కూడా ఆలోచించాడు. ‘కాసులు’ అనే కవితలో ఒక భర్త భార్యతో మాట్లాడుతూ, ప్రేమ పెన్నిధి అంటూనే, ఈ కళ ఇంట్లో నేర్పరు, దీనికి ఒజ్జలు, అంటే గురువులు, ఎవరూ లేరు, శాస్త్రాలు కూడా దీని గురించి మౌనం వహించాయి అంటాడు. ప్రేమని ‘కళ’ అనడంలో ఆ కవి తెగువ ఉంది. ప్రేమ పుట్టుకతో వచ్చేస్తుందని, ఇంట్లోవాళ్లకి వేరే నేర్పక్కర్లేదని లోకం నమ్ముతుంది. సంగీతం, వంట లాగా అదీ సాధన చేస్తేనే పట్టుబడుతుందని ఆయన అన్నాడు. వయసు మరులకీ ప్రేమకీ తేడా చెప్పి, మొగుడూ పెళ్లాల మధ్య ఉండాల్సింది దాపరికం లేని నేస్తం అన్నాడు. ఆ మాటలు అచ్చయిన కాలంలో ఎంతమంది మొగుళ్లకి అవి మింగుడుపడ్డాయో ఊహించుకోవచ్చు.

ఇంట్లో ఒజ్జలు లేకపోతే ఆ చదువు ఇంకెక్కడ దొరుకుతుంది? చాలావరకు కథల్లో, పాటల్లో, నాటకాల్లో. ఇక్కడే ఒడిశా సరిహద్దు జిల్లాల పాత్ర ఒకటుంది, దాన్ని తెలుగువాళ్లు అంతగా తలుచుకోరు.

1880లో గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. ఊళ్లోకి వచ్చే సవర గిరిజనులతో మాట్లాడాలని, తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకి బళ్లు పెట్టించారు, వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఎదుటివాళ్లతో వాళ్ల ఇంటి మాటలోనే మాట్లాడాలన్న పట్టుదల ఆయనకి అలా మొదలైంది. తరవాత తెలుగు విషయంలోనూ అదే పట్టుదల. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు పుస్తకంలో ఎందుకు ఉండకూడదు అని 1907 ప్రాంతంలో మొదలుపెట్టి చివరిదాకా పోట్లాడారు. దీన్ని భాషా వివాదంగానే చదవడం అలవాటైపోయింది. కుటుంబ జీవితం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. గ్రాంథికంలో శ్రీరాముడు సీత కోసం విలపించగలడు, శకుంతల దుష్యంతుడికి ఉత్తరం రాయగలదు. కానీ బరంపురంలో ఒక గుమాస్తా ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, అలిగిన భార్యని బుజ్జగించే సన్నివేశం గ్రాంథికంలో రాయాలంటే చేతులు రావు, రాసినా నవ్వొస్తుంది. ఇంటి మాటకి పుస్తకంలో పీట వేశాకనే ఇంటి ప్రేమ, ఇంటి అలక, ఇంటి కోపం సాహిత్యానికి వస్తువులయ్యాయి. 1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’లో అర్ధరాత్రి ఇంటికొచ్చిన గోపాలరావు, ఇంట్లో కనపడని భార్య, ఆమె పెట్టి వెళ్లిన ఉత్తరం, ఇదంతా వాడుక మాట లేకుండా పుట్టే కథ కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులో కలిసింది. గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లినా ఊళ్లో తెలుగువాళ్లు ఉండిపోయారు. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్‌లలో కూడా అంతే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. ఇచ్ఛాపురం దాటితే కాసేపట్లో బరంపురం. గీత మ్యాపులో పడింది గానీ వియ్యాలు ఆగలేదు. ఇప్పటికీ టెక్కలి పిల్ల కాశీనగర్ కోడలవుతుంది, గుణుపురం కుర్రాడు పలాసలో అల్లుడవుతాడు.

ఈ ఇళ్లలో ఇప్పుడు భాషల వాటా ఇలా ఉంది. బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో. బజారు ఒడియా, సినిమా హిందీ, తెలుగు రెండూ. తెలుగు ఇంట్లో మిగిలింది, అదీ మాటగానే. మామ్మ మాట్లాడేది మనవడికి అర్థమవుతుంది, తిరిగి జవాబు కూడా చెబుతాడు, కానీ తెలుగు అక్షరం చూపిస్తే తెల్లమొహం వేస్తాడు. తెలుగు పోతోందని శోకాలు పెట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఒడియా గొప్ప భాష, అందులో చదువుకున్న పిల్లలకి జరిగిన నష్టం ఏమీ లేదు. నష్టం ఇంకో చోట ఉంది. చదువు ఒక భాషలో, ఇల్లు ఇంకో భాషలో అయ్యేసరికి, చదువులో నేర్చిన సున్నితం ఇంటి మాటలోకి దిగదు. పిల్లవాడు బడిలో ఒడియా పద్యం చదివి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఇంటికొచ్చాక తెలుగులో అతనికి మిగిలేవి ‘అన్నం పెట్టు’, ‘డబ్బులియ్యి’, ‘రేపు లేటవుద్ది’ లాంటి మాటలే. పెద్దవాళ్ల వైపు నుంచీ అంతే. ‘తిన్నావా’, ‘చదివావా’, ‘ఫీజు కట్టావా’. పనులు నడవడానికి ఈ భాష చాలు. అమ్మ ఎందుకు నాలుగు రోజులుగా మూగగా ఉందో అడగడానికి చాలదు.

సూరత్ సంగతి దీనికి తోడు. గంజాం జిల్లా నుంచి అక్కడి మరమగ్గాలకి వెళ్లిన మగవాళ్ల సంఖ్య ఏ ఊళ్లో అడిగినా చెబుతారు, ఇంటికొకరు తేలతారు. ఏడాదికోసారి వస్తారు. పూర్వం ఉత్తరం రాయించుకోవాలంటే ఊళ్లో పంతులి దగ్గరకో, పోస్టుమాన్ దగ్గరకో వెళ్లేవారు. మూడో మనిషి ముందు మనసు విప్పలేక, ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయించి ఊరుకునేవారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది, వీడియో కాల్‌లో మొహం కనిపిస్తుంది. అయినా మాటలు మారలేదు. డబ్బు అందిందా, మందులు కొన్నారా, చిన్నోడు బడికెళ్తున్నాడా. రోజంతా మగ్గం మోతలో నిలబడిన మనిషికి అంతకన్నా ఓపిక లేకపోవడం సహజమే. కానీ తండ్రిని డబ్బు పంపే మనిషిగానే ఎరిగిన పిల్లలు, ఆయన ఊరికి తిరిగొచ్చాక ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకు తిరుగుతారు. వీళ్లలో ఎవరిదీ తప్పని చెప్పలేం.

మాట రానిచోట ఆచారం సాయపడుతుంది. ఈ ప్రాంతానికి ఆ విషయంలో లోటు లేదు. భోగినాడు పిల్లల నెత్తిన రేగిపళ్లు పోస్తారు. ఒడియా ఇళ్లలో కార్తీక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో రోజున ప్రథమాష్టమి చేస్తారు. ఇంటికి పెద్దబిడ్డని కూర్చోబెట్టి దీపం పెట్టి దీవిస్తారు, మేనమామ ఇంటి నుంచి కొత్తబట్టలు వస్తాయి, పసుపాకుల్లో ఆవిరికి ఉడికించిన ఎండూరి పిఠా చేస్తారు. ఒడియావాళ్లతో వియ్యమందిన తెలుగు ఇళ్లలోకీ ఈ పండగ వచ్చేసింది. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతర కథ ఇంకా బాగుంటుంది. అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. తెలుగునేల నుంచి వచ్చి స్థిరపడిన దేరా నేతగాళ్ల పెద్ద, దేశీ బెహరా, ఆమెకి తండ్రి వరస. ఆ వీధిలో వేసిన తాత్కాలిక గుడిలో అమ్మవారు దాదాపు నెల్లాళ్లు ఉంటుంది, ఊరంతా తిరుగుతుంది, తిరిగి వెళ్లేటప్పుడు కూతుర్ని సాగనంపినట్టే సాగనంపుతారు. దేవతకి కూడా పుట్టిల్లు కావాలని ఒక ఊరు ఊరంతా ఒప్పుకుంది. ఆడపిల్లకి ఏడాదికోసారైనా పుట్టింట్లో నాలుగు రోజులు పడుకుని లేచే హక్కుందని ఇంతకన్నా గట్టిగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

కానీ ఆచారానికి ఒక జబ్బుంది, ఎండిపోవడం. సారె తెచ్చిన అన్నయ్య మొహం కన్నా సారెలో అరిసెలు ఎన్ని అన్నది ముఖ్యమవుతుంది. పెట్టుపోతలు లెక్కల పుస్తకంలోకి ఎక్కుతాయి. ‘మీ మేనమామ పోయినేడు పంపిన చొక్కా ఖరీదెంత?’ అనే మాట పిల్లాడి ముందే దొర్లుతుంది. ఆడపడుచు కట్నం దగ్గర పెళ్లిపందిట్లో జరిగే పేచీలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పూర్ణమ్మ తండ్రి లొంగిపోయిన కాసు పూర్తిగా పోలేదు. అప్పుడు ఆడపిల్ల తండ్రి పుచ్చుకునేవాడు, ఇప్పుడు మగపిల్లవాడి తండ్రి పుచ్చుకుంటున్నాడు. ఇంటి ప్రేమకి ధర కట్టే అలవాటు మాత్రం మారలేదు.

ఇంతవరకు చెప్పినది ప్రేమ పైకి రాకపోవడం గురించి. అంతకన్నా చేదుగా, ప్రేమే శాపంగా పైకొచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. వాటిని ఒడియా కథ తెలుగు కథ కన్నా ముందే పట్టుకుంది. ఫకీర్ మోహన్ సేనాపతి ‘రేవతి’ 1898లో వచ్చింది. చదువుకోవాలని ఆశపడిన పల్లెటూరి పిల్ల రేవతి. ఆడపిల్లకి చదువేమిటని నానమ్మ మొదటినుంచీ గొణుగుతూనే ఉంటుంది. కలరా వచ్చి రేవతి తల్లిదండ్రులు పోతారు. కొడుకూ కోడలూ పోయిన దుఃఖమంతా నానమ్మ నోట తిట్టయి మనవరాలి మీద పడుతుంది. నీ చదువే ఇంటికి నిప్పు పెట్టిందంటుంది. ఆ ముసలామెకి లోకంలో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే, ఆ పిల్లకీ ఆమె తప్ప ఎవరూ లేరు. ఒకే కప్పు కింద, ఒకరికోసం ఒకరు బతుకుతూ, ఒకరినొకరు పొడుచుకుంటారు. చివరికి ఇద్దరూ మిగలరు. నానమ్మది ద్వేషం అనుకుని చదివితే కథ తేలిపోతుంది. దుఃఖాన్ని చెప్పుకునే ఇంకో దారి ఆమెకి ఎవరూ చూపించలేదు. తిట్టే అత్తగారినీ, సణిగే మామ్మనీ ఎరిగినవాళ్లు ఈ కథ చదివి వెంటనే పుస్తకం మూయలేరు.

ఇక పేదరికం. ప్రేమ గురించి రాసే వ్యాసాలు ఎక్కువగా దీన్ని దాటేస్తాయి, ప్రేమకి డబ్బుతో పనిలేదని ఒక మంచిమాట అనేసి. కొండల ఈ వైపూ ఆ వైపూ పుట్టిన రెండు రచనలు ఆ మాటని ఒప్పుకోవు. గోపీనాథ్ మహంతి 1945లో వెలువరించిన ‘పరజా’ నవల కోరాపుట్ కొండల్లో జరుగుతుంది. సుక్రు జాని, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. తల్లి లేని ఇల్లయినా ఒకరి మీద ఒకరికి అపేక్ష నిండుగా ఉంటుంది. కూతురి మీద కన్నేసి భంగపడిన ఫారెస్టు గార్డు కక్షకట్టి కేసు పెట్టిస్తాడు. జరిమానా కట్టడానికి సాహుకారి దగ్గర అప్పు, అప్పుకి ‘గోతి’ అంటే వెట్టి. తండ్రి, తరవాత కొడుకులు. ఇంట్లో మగవాళ్లు లేక కూతుళ్లు చెదిరిపోతారు. చివరికి ఆ ఇంటి చేతులే సాహుకారి నెత్తురు చూస్తాయి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కొండలకి ఇటు, శ్రీకాకుళం పల్లెలో జరుగుతుంది. అప్పు తీర్చడానికి భూమి రాసివ్వాల్సి వచ్చిన పూట, సీతారాముడు తన కొడుకు రేపు ఎవరికీ బానిస కాకూడదని ఆ బిడ్డనే చంపేస్తాడు. తెలుగు కథలో ఇంత మొండి ప్రేమ ఇంకొకటి లేదేమో. ప్రేమ అనడానికి నోరు రాదు, మరో పేరు పెట్టడానికీ రాదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటపడుతుంది. అప్పు కుటుంబంలోకి వచ్చేటప్పుడు ముందు ఎత్తుకుపోయేది గింజల్ని కాదు, మనుషులు ఒకరిదగ్గర ఒకరు కూర్చునే పొద్దుని. సుక్రు జాని ఇంట్లో అప్పు పడ్డాక తండ్రీ కూతుళ్లు కలిసి కూర్చునే సాయంత్రం లేదు. సూరత్ మగ్గం దగ్గర నిలబడ్డ మనిషికీ అది లేదు. అతనికి కూలి దొరుకుతుంది, వెట్టి కాదు, ఆ తేడా చిన్నది కాదు. అయినా ఇంటికి మిగిలే పొద్దు అంతే తక్కువ. కాబట్టి ‘కుటుంబాల్లో ప్రేమలు తగ్గిపోయాయి’ అని నిట్టూర్చేవాళ్లు మనుషుల మనసుల్ని తప్పుపట్టే ముందు వాళ్ల పనిగంటల్ని ఒకసారి లెక్కేస్తే మంచిది.

శాస్త్రం కూడా ఈ విషయంలో ఆలస్యంగానే నోరు విప్పింది. 1958లో హ్యారీ హార్లో అనే అమెరికా శాస్త్రవేత్త తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్లల ముందు రెండు బొమ్మతల్లుల్ని పెట్టిన ప్రయోగాన్ని ప్రకటించాడు. తీగతో చేసిన బొమ్మ దగ్గర పాలసీసా ఉన్నా, పిల్లలు పాలు తాగేసి వెంటనే మెత్తటి గుడ్డబొమ్మనే కరుచుకుని ఉండిపోయాయి. తిండి పెడితే చాలు, ప్రేమ దానంతట అదే వస్తుందన్న అప్పటి నమ్మకం దాంతో కదిలింది. కోతిపిల్లల మీద అంత కర్కశంగా పరీక్ష చేస్తే గానీ ఈ సంగతి ఒప్పుకోకపోవడం వేరే విషయం. చట్టం తన వంతుగా 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం తెచ్చింది. కన్నబిడ్డలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి నెలకి 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించుకునే వీలు అందులో పెట్టారు. మందులకీ బియ్యానికీ అది అక్కరకొస్తుంది. పక్కన కూర్చుని మాట్లాడమని ఏ ట్రిబ్యునలూ ఆర్డరు వెయ్యలేదు.

మంచి చేయాలనే వెళ్లి కూడా ఎదుటి మనిషిని చూడలేకపోవడం అన్నది చాసో రాసిన ‘వాయులీనం’ కథలో ఉంది. భార్య జబ్బుకి డబ్బు కావాలి, భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు. ప్రాణం దక్కుతుంది. అతన్ని ఎవరు తప్పుపట్టగలరు? మంచి మొగుడే. కానీ పుట్టింట్లో ఆమె వేళ్ల కింద పలికిన సంగీతం, పెళ్లయ్యాక ఎందుకు మూగబోయిందో అతను ఎన్నడూ అడిగినట్టు లేదు. పూర్ణమ్మ ఇంట్లో లేకపోయిన ప్రశ్నే ఇక్కడా లేదు, కాకపోతే ఇక్కడ ఎవరూ చావలేదు గనక ఎవరూ పద్యం కట్టలేదు. సరిహద్దు ఇళ్లలోనైనా, విజయనగరం ఇళ్లలోనైనా, ఎక్కువ కాపురాలు నడిచేది ఈ బాపతులోనే. సాహిత్యం చేసే పని కూడా ఇక్కడే ఎక్కువ. హత్యలూ ఆత్మహత్యలూ పేపరు చెబుతుంది. అమ్ముడైపోయిన ఫిడేలు సంగతి చెప్పడానికి కథకుడు కావాలి.

తెలుగు చదవలేని పిల్లలున్న ఇంట్లో ఈ కథలు ఎలా వినపడతాయన్నది మిగిలిన ప్రశ్న. ఇంతకుముందు దారి పైనుంచి కిందికి ఉండేది. మామ్మ కథ చెప్పేది, పిల్లలు ఊకొట్టేవారు. ఇప్పుడు ఆ దారి తిరగెయ్యొచ్చు. పర్లాకిమిడిలో ఒడియా చదివే మనవరాలు ‘రేవతి’ని బడిలోనో బయటో చదివే ఉంటుంది, లేకపోతే తేలిగ్గా దొరుకుతుంది. ఆ కథని రాత్రి భోజనాలయ్యాక మామ్మకి తన తెలుగులో చెప్పాలంటే ఆ పిల్లకి అన్నం, ఫీజు, బస్సు దాటిన మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. దొరక్కపోతే మామ్మనే అడగాలి. నానమ్మ తిట్లు వచ్చేచోట మామ్మ ఊరుకుంటుందని అనుకోవడానికి లేదు. ఆ ముసలామె బాధ ఆ రచయితకేం తెలుసని ఎదురు తిరుగుతుంది, చేతికందిన కొడుకు పోతే అలాగే ఉంటుందంటుంది, తన చిన్నప్పుడు ఏ ఇంట్లో ఏం జరిగిందో మొదలుపెడుతుంది. పిల్ల రేవతి పక్షం తీసుకుంటుంది. వాదన ఆ రాత్రికి తేలదు.